మేడ గది మీద ఎర్ర సున్నా

"తుడిచేశానన్నావు కదే! తుడిచేస్తే ఈ ఎర్ర సున్నా ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అంది అత్తగారు, తరుగుతున్న ఉల్లిపాయల పళ్లాన్ని పక్కకు నెట్టి.

సంగతి గుమ్మంలోనే చెప్పేసిన చుక్కలమ్మ చేతిసంచిని మేకుకు తగిలించింది. చెప్పులు విప్పడం మరిచిపోయి వంటింటి దాకా వచ్చేసింది. మామూలు రోజైతే ఆ చెప్పుల మీద అరగంట ఉపన్యాసం నడిచేది. ఇవాళ అత్తగారి చూపు కోడలి పాదాల మీద లేదు, ఇంటి కప్పు మీద ఉంది. ఆ కప్పుకి పైన, మేడ మీది రేకుల గదిలో, ఆవిడ కన్నకూతురు నలభై రోజులుగా తలదాచుకుంటోంది. ఆ సంగతి ఇంట్లో వాళ్లకు తప్ప పురుగుకు కూడా తెలియదు.

"తుడిచాను అత్తయ్యా. తుడవడమే తప్పయిపోయింది."

"తుడవడం తప్పేమిటి? నాకర్థమయ్యేట్టు చెప్పు."

అర్థమయ్యేట్టు చెప్పడం ఏమంత తేలిక కాదు. జనాభా లెక్కల ఆఫీసులో చుక్కలమ్మ పని, ఆకాశం నుంచి తీసిన ఫొటోను కంప్యూటర్లో పరుచుకుని ఇళ్లకు చుక్కలు పెట్టడం. కప్పుకో చుక్క, చుక్కకో నంబరు. ఆ చుక్కల్ని పట్టుకునే లెక్కలవాళ్లు, అదే ఎన్యూమరేటర్లు, ఇల్లిల్లూ తిరుగుతారు. ఆఫీసులో సరదాగా పెట్టిన పేరు ఇంట్లోకీ పాకి, కన్నవాళ్లు పెట్టిన పేరు మరుగున పడింది. మూడు నెలల్లో ముప్ఫై వేల చుక్కలు పెట్టిన చెయ్యి అది. ఎనిమిది రోజుల కిందట అదే చెయ్యి, సొంత ఇంటి మేడ గది మీది చుక్కను గుట్టుగా తుడిచేసింది. చుక్క లేకపోతే ఆ గది గడప ఎవరూ తొక్కరనుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగింది.

"మేం పెట్టిన చుక్కలు సరిపోయాయో లేదో, ఆ మిషను తనూ ఫొటోలో కప్పులు లెక్కపెట్టుకుంటుందట. నాకు ఇవాళే తెలిసింది. కప్పుండి చుక్క లేని చోటల్లా ఎర్ర సున్నా చుట్టేసింది. మనిషి వెళ్లి, ఆ గది ఎదురుగా నిలబడి, ఫొటో తీసి పంపితే తప్ప ఆ సున్నా పోదు."

"మళ్లీ చుక్క పెట్టెయ్, పోతుంది," అన్నాడు భర్త. కళ్లజోళ్ల దుకాణం కట్టేసి అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"సున్నా పడ్డాక ఆఫీసులో ఎవరూ ముట్టుకోవడానికి లేదు."

"పోనీ అసలు ఏం చేసి ఉండాల్సింది?"

"చుక్క అలాగే ఉంచి, పక్కన సామాన్ల గది అని రాసి ఉంటే సరిపోయేది. ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు," అంది చుక్కలమ్మ.

"అంటే, దాచబోయి వేలు పెట్టి చూపించావన్నమాట."

అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ, మాట పెదవి దాటిపోయింది. చుక్కలమ్మకు కోపం రాలేదు. పొద్దుట్నుంచీ తనను తాను అంతకంటే ఘాటుగా తిట్టుకుంటోంది. కొరివితో తల గోక్కున్నదానికి జుట్టు కాలిందని ఇంకొకరు చెప్పాలా?

"సరేలే, ఎవరో ఒకరు వస్తారు, ఫొటో తీసుకుంటారు, పోతారు," అంది అత్తగారు. "చాపలూ గోనెసంచులూ అడ్డం పెడదాం. వచ్చేవాడికి మన గొడవ ఏం తెలుసు?"

చుక్కలమ్మ ఉల్లిపాయల పళ్లాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఏమే? ఎవరొస్తారు?"

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఎవరూ పొయ్యి కట్టెయ్యలేదు.

"లెక్కల మాస్టారు," అంది చుక్కలమ్మ.

అత్తగారు పీట మీద కూర్చున్నదల్లా గోడకు జారగిలబడింది. లెక్కల మాస్టారంటే ఆవిడ అల్లుడే. హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆ మనిషిని ఊరంతా అదే పేరుతో పిలుస్తుంది, అత్తవారితో సహా. ఒక్క మాట గట్టిగా అనడు. చొక్కా మడత నలగనివ్వడు. భార్య కుడి మణికట్టు విరిచిన రోజున కూడా ఆస్పత్రిలో డాక్టరుకు, "పదకొండో మెట్టు మీంచి జారిందండీ," అని మెట్ల సంఖ్యతో సహా నెమ్మదిగా చెప్పాడు. పోలీసుల దగ్గరికి వెళ్తే, ఎస్సై మాస్టారిని చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆయన శిష్యుడే మరి. "గురువుగారి లాంటి మనిషిమ్మా, సర్దుకుపో," అని ఆడపిల్లను వెనక్కి పంపాడు. ఆ వెనక్కి పంపిన వారానికే ఆమె కట్టుబట్టలతో పారిపోయి వచ్చింది. ఎక్కడుందో మాకూ తెలియదని ఇంటిల్లిపాదీ అప్పట్నుంచీ ఒకే అబద్ధాన్ని పాఠంలా అప్పజెబుతున్నారు.

"బడిపంతుళ్లందరికీ జనాభా లెక్కల డ్యూటీ వేశారు సరే, మన వీధే ఎందుకు వెయ్యాలి?" అన్నాడు భర్త. "మార్చమని మీ ఆఫీసరు పటాల సారుని అడగలేకపోయావా?"

"అడిగాను. కారణం చెప్పమన్నారు. ఏం చెప్పను? దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆ బ్లాకు ఆయనే అడిగి వేయించుకున్నారట. అత్తవారి వీధి, ప్రతి గడపా తెలుసు అని కాగితం రాసిచ్చారట. పటాల సారు ఎంత మురిసిపోతున్నారో! ఇలాంటి ఎన్యూమరేటరు దొరకడం మన అదృష్టమమ్మా అని నాకే చెప్పారు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చీకటి పడేదాకా ఆడపడుచు కిందికి దిగకూడదని కట్టడి. దిగింది. కుడిచెయ్యి ఎప్పటిలాగే ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. ఎవరని అడగలేదు.

"రేపు పొద్దున," అంది చుక్కలమ్మ.

"ఇంకా పదకొండు రోజులుంది వదినా."

ఆ పదకొండు రోజుల కోసమే ఈ ఇల్లు ఊపిరి బిగబట్టుకుని బతుకుతోంది. దూరపు ఊళ్లో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఆమెకు పని దొరికింది, ఉండడానికి గదితో సహా. ఆ గది ఒకటో తారీఖుకి గాని ఖాళీ అవదు. ఆ ఊరి పేరు మాస్టారికి తెలియదు. తెలియకుండా ఆమె బస్సెక్కేస్తే చాలు.

"ఇప్పుడే తీసుకుపోతాను పద చిట్టీ," అన్నాడు భర్త చెల్లెలితో.

"ఎలా తీసుకుపోతావురా?" అంది అత్తగారు. "వీధి మొగలో మందుల షాపువాడు ఆయన శిష్యుడు కాడూ? నువ్వు బస్టాండుకి చేరేలోపు కబురు ఆయనకు చేరుతుంది."

చివరికి దారి చెప్పింది చుక్కలమ్మే. చెబుతుంటే ఆమెకే ఒళ్లు గగుర్పొడిచింది.

"లోపల తనుంటుంది. మనం బయటనుంచి తాళం పెడదాం. తాళం పెట్టిన సామాన్ల గదిని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు."

ఆడపడుచు నవ్వింది. నవ్వేనా అది!

"లోపల నేను, బయట తాళం. నాకు అలవాటే వదినా. అక్కడా అంతే కదా."

* * *

మాస్టారు తొమ్మిదింటికి వస్తానని ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా తొమ్మిదింటికి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, జేబులో రెండు పెన్నులు. చెప్పులు గుమ్మం బయట జోడుగా, గోడకు సమానంగా పెట్టి లోపలికొచ్చాడు.

"కూర్చోండి అల్లుడుగారూ," అంది అత్తగారు. గొంతు వణక్కుండా ఉండడానికి ఆ మాటను మూడుసార్లు లోపల్లోపల అనుకుని మరీ అంది.

"అల్లుడుగా రాలేదు అత్తయ్యగారూ, ప్రభుత్వం మనిషిగా వచ్చాను. మర్యాదలేం వద్దు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బావా, నువ్వూ కూర్చో. ఇంటి యజమానివి నువ్వే కదా, జవాబులు నువ్వే చెప్పాలి."

భర్త కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

గోడలు ఇటుకవా, మట్టివా? నీళ్లు ఎక్కణ్ణుంచి? వంట దేని మీద? మాస్టారు ఒక్కొక్కటే అడిగి ఒక్కొక్కటే నొక్కాడు. ఆ కళ్లు మాత్రం గూట్లో బోర్లించిన పళ్లాల దగ్గర ఒకసారి, దండెం దగ్గర ఒకసారి ఆగి వచ్చాయి. పళ్లాలు మూడే ఉండేట్టు చుక్కలమ్మ తెల్లవారుజామునే చూసుకుంది.

"నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎంతమంది పడుకున్నారు?"

"ముగ్గురం," అన్నాడు భర్త.

"ముగ్గురు." నొక్కలేదు. వేలు గాల్లో ఆపాడు. "తొందరపడకు బావా. ఈ ప్రశ్న దగ్గరే జనం తప్పులు చేస్తారు. చుట్టాలొచ్చి ఉంటారు, మరిచిపోతారు. పెళ్లై వెళ్లిన ఆడపిల్లను ప్రేమకొద్దీ పుట్టింట్లో రాయించేస్తారు. ఒక మనిషిని రెండు చోట్ల రాస్తే దేశం లెక్కే తప్పిపోతుంది."

"ముగ్గురమే బావగారూ."

"మంచిది. ఎందుకంటే మీ చెల్లెల్ని నేను మా ఇంట్లో రాసేసుకున్నాను. భార్య, వయసు ఇరవై తొమ్మిది, ఇంట్లోనే ఉంది అని." నొక్కాడు. "రాసినదాన్ని నిజం చేసుకోవడం ఒక్కటే మిగిలింది."

అత్తగారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు ఇన్నాళ్లూ వెతుకుతున్నాడని ఆవిడకు తెలుసు. దొరికిందని ముందే రాసేసుకుని వెతుకుతున్నాడని మాత్రం ఇప్పుడే తెలిసింది.

"పైన ఏదో గదికి సున్నా చుట్టారు," అన్నాడు ట్యాబు వైపు చూస్తూ. "ఫొటో తియ్యాలి. పదడుగుల దూరంలోకి వెళ్తే గాని ఇది ఫొటో తియ్యనివ్వదట. చెల్లెమ్మా, నువ్వు రా. ఈ చుక్కల వ్యవహారం నీకు తెలిసినంత నాకు తెలియదు."

చుక్కలమ్మ వెనక నడిచింది. ఈ మనిషి గది ముందుకు వెళ్లి ఏం చేస్తాడో ఆలోచించడానికే భయంగా ఉంది.

మేడ మీద ఎండ ఇంకా ముదరలేదు. రేకుల గది ముందు గోనెసంచులు, విరిగిన కుర్చీ, రంగు డబ్బాలు రాత్రే పేర్చారు. తలుపుకి తాళం వేలాడుతోంది. మాస్టారు సంచుల్ని తొక్కకుండా, చొక్కా తగలనివ్వకుండా తలుపు దాకా వెళ్లి నిలబడ్డాడు. తాళాన్ని రెండు వేళ్లతో ఎత్తి వదిలాడు.

"ఏముంది చెల్లెమ్మా లోపల?"

"పాత సామాన్లు అన్నయ్యగారూ. ఆయన దుకాణం పెట్టెలు, విరిగిన మంచం..."

"తాళంచెవి?"

"ఎక్కడో పడిపోయింది. వెతకాలి."

ఆయన విననట్టే తల పక్కకు వంచాడు. అప్పుడు చుక్కలమ్మకూ వినిపించింది. తలుపు వెనకాల సన్నగా, ఆగకుండా, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. రాత్రి పళ్లాలు చూసుకున్నారు, దండెం చూసుకున్నారు, దువ్వెన్లు చూసుకున్నారు. రేకుల వేడికి ఆ పిల్ల ఫ్యాను వేసుకుంటుందని ఒక్కరికీ తట్టలేదు.

మాస్టారు చాలాసేపు విన్నాడు. మొహంలో కోపం లేదు. కష్టమైన లెక్క తేలినప్పుడు పిల్లల వైపు చూసే చూపు చూశాడు.

"సామాన్లకి ఉక్క పోస్తోందన్నమాట పాపం," అన్నాడు.



ఆయన వెనక్కి జరిగి ఫొటో తీశాడు. ఇంకోటి తీశాడు. తర్వాత గొంతు కాస్త పెంచాడు. చుక్కలమ్మ వైపే చూస్తున్నాడు గానీ మాట తలుపుతో అంటున్నాడు.

"నాకు తొందర లేదమ్మా. లెక్క సరిపోయేదాకా ఎన్నిసార్లైనా చేస్తాను. తప్పు చేసినవాళ్లనే మళ్లీ చేయిస్తాను. నా దగ్గర చదువుకున్నవాళ్లందరికీ తెలుసు."

దిగి వెళ్లిపోయాడు. చెప్పులు తొడుక్కుని, అత్తగారికి నమస్కారం కూడా పెట్టాడు.

మందుల షాపు దాటి కనుమరుగయ్యాక తాళం తీశారు. ఆడపడుచు గోడ మూల ముడుచుకుని కూర్చుని ఉంది. చీర చెమటతో తడిసి ముద్దయింది. ఫ్యాను నెత్తి మీద తిరుగుతూనే ఉంది.

"ఆపుదామనుకున్నాను వదినా. అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. స్విచ్చు టక్కుమంటే వినపడుతుందని భయమేసింది. పోనీ ఆపకపోతేనో అని భయమేసింది. కాళ్లూ చేతులూ ఆడలేదు."

"విన్నాడో లేదో," అంది అత్తగారు.

"విన్నాడమ్మా. ఆ గొంతు నాకు తెలుసు. అలా మెత్తగా మాట్లాడితే ఆ సాయంత్రం ఏమవుతుందో నాకే తెలుసు."

అత్తగారు కూతురి తల ఒళ్లోకి తీసుకుంది. "మొదటిసారి ఏడుస్తూ వచ్చినప్పుడు సర్దుకోమని నేనే పంపించాను కదే," అంది. అంతకు మించి ఆవిడ వల్ల కాలేదు.

భర్త నిలబడే లెక్కలు కట్టాడు. రేపు సోమవారం. అద్దాల సరుకు తెచ్చే వ్యాను సాయంత్రం ఐదింటికి దుకాణానికి వస్తుంది. నాలుగు వైపులా మూసిన వ్యాను. సరుకు దించి, ఇంటి దాకా తీసుకొచ్చి, చెల్లెల్ని ఎక్కిస్తాడు. ఫ్యాక్టరీ ఊళ్లో ఒకటో తారీఖు దాకా ఏదో ఒక లాడ్జిలో ఉంచుతాడు. ఇంకో దారి లేదు.

"రేపు సాయంత్రం దాకా ఓపిక పట్టు చిట్టీ."

"పడతాను అన్నయ్యా. కానీ బయటనుంచి తాళం వెయ్యకండి. చస్తే వెయ్యకండి. లోపల గడియ నేను పెట్టుకుంటాను."

* * *

సోమవారం ఆఫీసుకు వెళ్లాలా వద్దా అని చుక్కలమ్మ ఊగిసలాడి, చివరికి వెళ్లింది. మాస్టారు ఆ గదిని ఏమని రాశాడో చూడాలి. చూడకపోతే ఆమెకు పిచ్చెక్కేట్టుంది.

ఎన్యూమరేటర్లు ముందురోజు రాసినవి మధ్యాహ్నం భోజనాలయ్యాక గాని కంప్యూటర్లోకి దిగవు. అప్పటిదాకా ఆమె ఎవరివో ఊరి చివరి ఇళ్లకు చుక్కలు పెడుతూ కూర్చుంది. ఒకే గొడ్ల కొట్టానికి రెండు చుక్కలు పెట్టింది. పక్క సీటావిడ నవ్వి, "చుక్కలమ్మా, నీకు చుక్కలు కనబడుతున్నట్టున్నాయే!" అంది. ఆమె కూడా నవ్వినట్టు చేసింది.

రెండూ ఇరవైకి తమ బ్లాకు దిగింది. ఎర్ర సున్నా పోయింది. దాని స్థానంలో కొత్త చుక్క ఉంది. నొక్కింది.

నివాస గది. ఉన్నవారు: ఒకరు. స్త్రీ. మనిషి లోపల ఉండి తలుపు తీయలేదు. మళ్లీ వెళ్లవలసి ఉంది: సోమవారం, మధ్యాహ్నం రెండున్నర.

ఒకసారి చదివింది. గోడ గడియారం వైపు చూసింది. మళ్లీ చదివింది. రెండున్నరకి కొడుకు దుకాణంలో, కోడలు ఆఫీసులో ఉంటారు, ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంటుంది. అది కూడా లెక్క చూసే రాసుకున్నాడు.

భర్తకు ఫోను చేసింది. ఎత్తలేదు. అత్తగారి ఫోను మోగి మోగి ఆగింది. భోజనం చేసి కునుకు తీసే వేళ, ఫోను వంటింట్లో గూట్లో పడి ఉంటుంది. ఆడపడుచు దగ్గర ఫోను లేదు. ఫోను పెట్టుకుంటే పట్టేస్తాడని తీసుకున్న జాగ్రత్త అది.

ఇంటికి బస్సులో నలభై నిమిషాలు. పటం మీద జానెడు.

ఎన్యూమరేటర్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో ఆ పటం మీదే నీలం చుక్కలుగా కనబడుతుంది. ఎండకు పడిపోయినా, కుక్క కరిచినా ఆఫీసుకు తెలియాలని పెట్టిన ఏర్పాటు. చుక్కలమ్మ తమ వీధిని పెద్దది చేసింది. మందుల షాపు దగ్గర ఒక నీలం చుక్క ఆగి ఉంది. చూస్తుండగానే కదిలింది. తొందర లేకుండా, ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వస్తోంది.

చుక్కలమ్మకు పోలీసులు గుర్తొచ్చారు, వెంటనే లేచి నమస్కారం పెట్టే ఎస్సై గుర్తొచ్చాడు. చుట్టుపక్కల వీధుల్లో ఇంకా నీలం చుక్కలున్నాయి, పదకొండు. వాళ్లలో టీకాలు వేసే ఆవిడలున్నారు, పోస్టుమాన్లున్నారు, పంతులమ్మలున్నారు. ఒక్కరు వెళ్లి ఆ గడపలో నిలబడినా చాలు. నలుగురు చూస్తుంటే మాస్టారు గొంతెత్తడు, చెయ్యీ ఎత్తడు.

తెర మీద ఒక మూల ఆపద జెండా గుర్తు ఉంది. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నొక్కాలి. కిలోమీటరు లోపలున్న ట్యాబులన్నీ ఒక్కసారిగా మోగుతాయి. నలభై రోజులు ఎవరి కంటా పడకుండా దాచిన గది మీద ఇప్పుడు తన చేత్తో జెండా పాతితే, ఊరు ఊరంతా అటే చూస్తుంది. ఆలోచించడానికి టైము లేదు. నొక్కింది.

ఆఫీసులో కూడా గంట మోగింది. పటాల సారు చేతిలో టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరమ్మా జెండా పెట్టింది? ఏమైంది?"

"నేనే సార్. అది మా ఇల్లు. ఆ గదిలో మా ఆడపడుచుంది. లెక్కల మాస్టారు ఆమె భర్త. చెయ్యి విరగ్గొడితే పారిపోయి వచ్చింది. ఆయన ఇప్పుడు తన కోసమే వెళ్తున్నారు. ఆ చుక్క తుడిచింది కూడా నేనే." అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

పటాల సారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ముందే చెప్పకూడదటమ్మా! ఆ బ్లాకు ఆయన చేతిలో పెట్టింది నేనే కదా."

"సార్, చూడండి, కదులుతున్నారు," అంది పక్క సీటావిడ.

నిజంగానే కదిలాయి. పక్క వీధిలోని చుక్క వెనుదిరిగింది. కాలవ గట్టు మీది రెండు చుక్కలు ఇటు మళ్లాయి. తర్వాత ఇంకోటి, ఇంకోటి. పదకొండు నీలం చుక్కలూ తమ ఇంటి వైపు వస్తుంటే చుక్కలమ్మకు ఏడుపొచ్చింది. వస్తున్నారు చిట్టీ, తలుపు తియ్యకు, వస్తున్నారు అని తెరతో మాట్లాడింది.

అప్పుడు జెండా రంగు మారింది. ఎర్రది పచ్చబడింది. కింద ఒక వాక్యం వచ్చింది: అందరికన్నా దగ్గరలో ఉన్న ఎన్యూమరేటరు స్పందించారు. మిగిలినవారు రానక్కర్లేదు.

"ఇదేమిటి సార్? ఎవరు స్పందించారు?"

పటాల సారు తెర మీదికి వంగాడు. ట్యాబులన్నీ మోగినప్పుడు లెక్కల మాస్టారి ట్యాబు మాత్రం ఎందుకు మోగదు? మోగింది. నేను చూసుకుంటాను అనే బొత్తాం దాని మీదా వచ్చింది. మాస్టారు నొక్కాడు.

కాలవ గట్టు మీది చుక్కలు ఆగాయి. వెనక్కి తిరిగాయి. ఒక్కొక్కరే ఎవరి వీధికి వాళ్లు, ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. ఇంటి మీద ఒక్క చుక్కే మిగిలింది. అది మెట్ల వైపు జరిగింది.

"వాళ్లను వెనక్కి పిలవండి సార్! పిలవండి!"

పటాల సారు ఫోను నంబర్లు వెతుకుతున్నాడు. అంతలో చుక్కలమ్మ ఫోనే మోగింది. భర్త అనుకుని చూడకుండా ఎత్తింది.

"చెల్లెమ్మా, కంగారు పడకు," అన్నాడు లెక్కల మాస్టారు. మెత్తటి గొంతు, మెట్లెక్కిన ఆయాసం కూడా లేదు. "ఎవరికో ఆపదని ట్యాబు మోగింది. చూస్తే మన ఇల్లే! దగ్గరలోనే ఉన్నాను కదా, నేను చూసుకుంటాను."

"అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, కిందికి దిగి వెళ్లిపోండి. అందరికీ చెప్పేశాను. ఇక్కడ అందరికీ తెలుసు."

"తెలియనీ. ఆపదలో ఉన్న మనిషి తలుపు తట్టమని ఆఫీసే పంపింది." తర్వాత తలుపుకి వినపడేట్టు, "మీ వదినే పంపింది, ఫోనులో ఉంది, తలుపు తియ్యి," అన్నాడు.

మూడుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది. సమానంగా, తొందర లేకుండా.

తర్వాత ఫోనులో, చాలా దగ్గరగా, లోపలి గడియ తీస్తున్న చప్పుడు వినిపించింది.